ఫిఫ్త్ వీల్‌కు ట్రక్కు: తలకిందుల సలహాలు

ముందు ట్రక్కు కొనకండి. ముందు ట్రైలర్ చూసుకోండి, అది ఖాయమయ్యాకే ట్రక్కు సంగతి ఎత్తండి. అమెరికాలో మనవాళ్లు చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికీ పనికొస్తుందని, ఏడాది చివర డిస్కౌంట్ బాగుందని ముందు ట్రక్కు కొనేస్తారు. ఆ తర్వాత ఎప్పుడో ట్రైలర్ వెతుకుతారు. అప్పటికి రెండే దారులు మిగులుతాయి. ఆ ట్రక్కు మోయగలిగినంత చిన్న ట్రైలర్‌తో సరిపెట్టుకోవాలి, లేదా కళ్లు మూసుకుని పెద్దదే తగిలించాలి. వెనక సీట్లో పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూర్చుని ఉండగా రెండోది చేయకూడని పని. ఇక్కడ రాసే సలహాలన్నీ ఆ వెనక సీటును మనసులో పెట్టుకుని రాస్తున్నవే. డీలరు చెప్పేదానికి, స్నేహితులు చెప్పేదానికి చాలావరకు ఎదురుగానే ఉంటాయి.

ఫిఫ్త్ వీల్ అంటే బండి వెనక బంతికి తగిలించే మామూలు ట్రైలర్ కాదు. దాని ముందు భాగం ట్రక్కు బెడ్ మీదికి వచ్చేస్తుంది. అడుగున రెండంగుళాల లావు ఉక్కు పిన్ను ఒకటి ఉంటుంది, దాన్ని కింగ్‌పిన్ అంటారు. బెడ్‌లో, వెనక ఇరుసుకు సరిగ్గా పైన బిగించిన హిచ్ దవడల్లోకి ఆ పిన్ను దూరి లాక్ అవుతుంది. అంటే ట్రైలర్ బరువులో ఒక వాటా ట్రక్కు వీపు మీదే కూర్చుంటుంది. దీన్నే పిన్ వెయిట్ అంటారు. వెనక బంతికి తగిలించే ట్రైలర్లలో ఈ వాటా నూటికి 10 నుంచి 15 వంతులు. ఫిఫ్త్ వీల్‌లో 15 నుంచి 25 దాకా ఉంటుంది, పెద్దవాటిలో మామూలుగా 20కి పైనే. ఎద్దుబండిలో బస్తాలన్నీ ముందుకు సర్దితే భారం ఎద్దుల మెడ మీద పడుతుంది కదా, ఇదీ అంతే. కాబట్టి ఈ ట్రక్కు ఎంత లాగుతుంది అని అడగకండి. ఎంత మోస్తుంది అని అడగండి.

అందుకే రెండో సలహా: టోయింగ్ కెపాసిటీ అంకెను పట్టించుకోకండి. బ్రోషర్‌లో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది అదే. ముప్పావు టన్ను ట్రక్కులకు, అంటే ఎఫ్-250, 2500 వర్గానికి, 18 వేలు, 20 వేల పౌండ్లు అని రాసి ఉంటుంది. వన్ టన్ను డ్యూయలీలకైతే, అంటే వెనక ఒక్కోవైపు రెండేసి చక్రాలున్న ట్రక్కులకైతే, 30 వేలు దాటేస్తుంది. ఆ అంకెలు అబద్ధాలు కావు. ఎస్ఏఈ జె2807 అని ఒక ప్రామాణిక పరీక్ష ఉంది. ఆరిజోనాలో బుల్‌హెడ్ సిటీ పక్కన డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే 11 మైళ్ల పైచిలుకు ఎక్కుడును అందులో కొలమానంగా తీసుకుంటారు. వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, ఒక వేగానికి తగ్గకుండా ఎక్కాలి. మామూలు ట్రక్కుకు ఆ వేగం గంటకు 40 మైళ్లు, డ్యూయలీకి 35. గట్టి పరీక్షే. కానీ ఆ లెక్కలో ట్రక్కులో ఉండేది ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌండ్లు. మీ నలుగురైదుగురు, మీ కూలర్, మీ టూల్‌బాక్స్ ఆ లెక్కలో లేవు. పెద్ద ట్రైలర్ విషయంలో లాగే శక్తి అయిపోకముందే మోసే శక్తి అయిపోతుంది. ఆ మోసే శక్తి ఎంతో బ్రోషర్‌లో దొరకదు, ట్రక్కు తలుపు దగ్గర దొరుకుతుంది.

డ్రైవర్ తలుపు తెరవండి. తలుపు లాక్ పడే స్తంభం మీద, అరచెయ్యంత వెడల్పున, పసుపు రంగు పట్టీ ఉన్న తెల్లటి స్టిక్కర్ కనిపిస్తుంది. పైన సీట్ల సంఖ్య, కింద టైర్ల సైజు, గాలి ఒత్తిడి. మధ్యలో ఒకే ఒక్క వాక్యం: మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలు, లేదా ఇన్ని పౌండ్లు మించకూడదు అని. అదే ఆ ట్రక్కు పేలోడ్. ఆ మోడల్ ట్రక్కులన్నిటికీ కలిపి వేసిన అంకె కాదది, ఆ ఒక్క బండికి, దానికి ఫ్యాక్టరీలో బిగించిన ఆప్షన్లన్నీ లెక్కలోకి తీసుకుని వేసిన అంకె. లాట్‌లో పక్కపక్కనే నిలబెట్టిన రెండు 2500లకు వందల పౌండ్ల తేడా ఉండటం మామూలే. నచ్చిన ప్రతి ట్రక్కు దగ్గరా తలుపు తీసి ఆ స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సేల్స్ మనిషి పెద్ద స్క్రీన్ గురించి చెబుతుంటాడు, చెప్పనివ్వండి. ఒక చిన్న సంగతి ఉంది. మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్ల లోపు ఉన్న వాహనాలకే చట్టం ఈ వాక్యాన్ని తప్పనిసరి చేసింది. అంతకంటే పెద్ద ట్రక్కుకు ఆ వాక్యం కనిపించకపోతే, పక్కనే ఉన్న ఇంకో లేబుల్ మీది జీవీడబ్ల్యూఆర్, అంటే ఆ మొత్తం బరువు పరిమితి, తీసుకుని, ట్యాంకు నిండా ఇంధనంతో ఆ ట్రక్కును తూచిన బరువును అందులోంచి తీసేయండి. మిగిలిందే పేలోడ్.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీకు నచ్చిన ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ 16,000 పౌండ్లు అనుకుందాం, మన లెక్కలో ఏడుంబావు టన్నులు. పక్కకు జరిగి గదిని పెంచే రెండు మూడు స్లైడ్లు, ముందు బెడ్‌రూమ్, వెనక హాలు ఉన్న కుటుంబం ట్రైలర్ మామూలుగా ఈ బరువు దగ్గరే ఉంటుంది. బ్రోషర్‌లో డ్రై పిన్ వెయిట్ అని 2,600 లాంటి అంకె వేసి ఉండొచ్చు. దాన్ని నమ్మకండి. బ్యాటరీలు పెట్టకముందు, ప్రొపేన్ నింపకముందు, ఒక్క గిన్నె సర్దకముందు తూచిన బరువది. జీవీడబ్ల్యూఆర్‌లో 22 శాతం పట్టుకోండి: 3,520. హిచ్ ఇంకో 200. మనుషులు నలుగురికి 650. ట్రక్కులో సామాను 150. మొత్తం 4,520 పౌండ్లు. లగ్జరీ ట్రిమ్‌లో నాలుగు తలుపుల ముప్పావు టన్ను డీజిల్ ట్రక్కు స్టిక్కర్ మీద 2,000కు అటూఇటూగా ఉండటం చాలా మామూలు. సగం కూడా మోయలేదు. అదే ట్రక్కు బ్రోషర్‌లో మాత్రం ఈ ట్రైలర్‌ను హాయిగా లాగేస్తుందని ఉంటుంది.

మనవాళ్లు సర్దే తీరు కూడా ఈ లెక్కలో వేయాలి. ఫిఫ్త్ వీల్‌లో పెద్ద స్టోరేజీ అర ముందు వైపు, బెడ్‌రూమ్ మెట్ల కింద ఉంటుంది. సోనా మసూరి బస్తాలు, పాతిక పౌండ్ల గ్రైండర్, కుక్కర్లు, పచ్చడి జాడీలు, మంచినీళ్ల కేసులు అన్నీ చేరేది అక్కడికే. ఇరుసులకు ముందు పెట్టిన ప్రతి వస్తువు బరువులో కొంత పిన్ను మీదికి వస్తుంది. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, కాబట్టి 60 గాలన్ల ట్యాంకు నింపితే 500 పౌండ్లు. ఆ ట్యాంకు ఇరుసులకు ముందుందో వెనకుందో ట్రైలర్ కొనేటప్పుడే వంగి చూడండి. నీళ్లు నింపుకుని బయల్దేరడం మన అలవాటు. ఆర్వీ పార్కులో కొళాయి కనెక్షన్ ఉంటుంది, దారిలో బాత్‌రూమ్‌కు సరిపడా పోసుకుంటే చాలు.

మూడో సలహా వింటే ఇంట్లో గొడవ జరగొచ్చు: ఖరీదైన ట్రిమ్ కొనకండి. పనోరమా రూఫు, వేడెక్కే చల్లబడే సీట్లు, దానంతట అదే కిందికి దిగే మెట్లు, పెద్ద చక్రాలు, ఇవన్నీ బరువులే. జీవీడబ్ల్యూఆర్ మారదు కాబట్టి ప్రతి సోకు మీ పేలోడ్‌లోంచే తెగుతుంది. కింది ట్రిమ్‌లో మంచి సీట్లు, టో మిర్రర్లు, ఫ్యాక్టరీ బ్రేక్ కంట్రోలర్, ఫిఫ్త్ వీల్ ప్రెప్ ప్యాకేజీ ఉంటే చాలు. ఆ చివరిది మాత్రం వదలకండి. బెడ్ అడుగున హిచ్ కాళ్లు దిగే సాకెట్లు కంపెనీవాళ్లే బిగించి ఇస్తారు, తర్వాత రంధ్రాలు వేయించే పని ఉండదు.

ముప్పావు టన్ను ట్రక్కు ఎందుకంత తక్కువ మోస్తుందో తెలిస్తే నాలుగో సలహా తేలిగ్గా ఒప్పుకుంటారు: ముప్పావు టన్నులో డీజిల్ కొనకండి. దాని జీవీడబ్ల్యూఆర్‌ను చాలాసార్లు 10,000 పౌండ్ల దగ్గర ఆపేస్తారు. 10,000 పౌండ్లు దాటితే ఫెడరల్ నిబంధనల్లో వాణిజ్య వాహనాల లెక్క మొదలవుతుంది, కొన్ని రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ కూడా మారుతుంది. అందుకే ఆ గీత దగ్గర ఆగిన ట్రక్కుకు గిరాకీ ఎక్కువ. డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ కంటే వందల పౌండ్లు బరువు. ఆ బరువు 10,000 లోపలే ఇరికించాలంటే పోయేది పేలోడే. అంటే ముప్పావు టన్ను ట్రక్కులో డీజిల్ కోసం సుమారు పది వేల డాలర్లు ఎక్కువిచ్చి తక్కువ మోసే బండి తెచ్చుకుంటారు. ముప్పావు టన్నే కొనాలి, 10,000 నుంచి 11,000 పౌండ్ల మధ్య ట్రైలరే చాలు అనుకుంటే పెట్రోలు ఇంజన్ తీసుకోండి. 2020లో వచ్చిన ఫోర్డ్ 7.3 లీటర్ల వీ8, అదే ఏడాది జీఎం పికప్పుల్లోకి వచ్చిన 6.6 లీటర్ల వీ8 ఆ పనికి సరిపోతాయి. 16,000 పౌండ్ల ట్రైలర్ కావాలంటే ముప్పావు టన్ను వైపు చూడనే చూడకండి. వన్ టన్ను వర్గానికి, అంటే 3500 లేదా ఎఫ్-350కి వెళ్లండి, ధరలో తేడా మీరు భయపడినంత ఉండదు. అక్కడ డీజిల్ కొనడం తెలివైన పనే.

ఎఫ్-150, 1500 లాంటి అర టన్ను వాటి గురించి ఒక్క మాట. “మావాడు దాంతోనే లాగాడన్నా, ఏం కాలేదు” అని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చిన్న ఫిఫ్త్ వీల్స్ కొన్ని వాటికి సరిపోతాయి, పెద్దవి సరిపోవు. వాదన పెట్టుకోకుండా స్టిక్కర్ ఫొటో అడగండి.

ఇక అందరూ వద్దనేది: డ్యూయలీ కొనండి. గ్యారేజీలో పట్టదు, నిజమే. నాలుగు తలుపులు, పొడుగు బెడ్ ఉన్న డ్యూయలీ 22 అడుగుల పొడవు, తుంట్ల దగ్గర దాదాపు 8 అడుగుల వెడల్పు. కాఫీ డ్రైవ్ త్రూలో చెమటలు పట్టిస్తుంది, కాస్ట్‌కోలో పార్కింగ్ చివరిదాకా పోవాలి, డల్లాస్ చుట్టుపక్కల కొత్త కాలనీల హెచ్‌ఓఏ వాళ్లు ఉత్తరం పంపినా పంపుతారు. అయినా కొనమంటున్నాను. ఎందుకంటే మామూలు 14,000 పౌండ్ల డ్యూయలీకి 5,000 పైచిలుకు పేలోడ్ ఉంటుంది, మన 4,520 అందులో పట్టి ఇంకా చోటు మిగులుతుంది. ఒంటి చక్రాల వన్ టన్ను ట్రక్కు 3,500 నుంచి 4,000 పౌండ్ల దగ్గర తచ్చాడుతుంది, ఈ ట్రైలర్‌కు అది అంచు మీద నడక. పైగా ఓక్లహోమా, కాన్సస్ మైదానాల్లో అడ్డంగా వీచే గాలిలో 13 అడుగుల ఎత్తు గోడను వెంటేసుకుని పోతున్నప్పుడు ఆ వెడల్పాటి వెనక కాళ్ల విలువ స్టీరింగ్ పట్టుకున్న చేతులకు తెలుస్తుంది. వెనక ఒక టైరు పేలినా పక్కది ఇంకా నిలబడి ఉంటుంది. రోజూ ఆఫీసుకు పాత కారునే వాడుకోండి.

పొడుగు బెడ్ ఎందుకో కూడా చెప్పాలి. చట్టం ట్రైలర్ వెడల్పును 102 అంగుళాల దాకా అనుమతిస్తుంది. పిన్ను మధ్యలో ఉంటుంది కాబట్టి పూర్తిగా పక్కకు తిరిగినప్పుడు ట్రైలర్ ముందు మూల పిన్ను నుంచి 51 అంగుళాల దూరం కేబిన్ వైపు వస్తుంది. ఆరున్నర అడుగుల బెడ్‌లో ఇరుసు నుంచి కేబిన్ అద్దం దాకా అంత చోటు ఉండదు. క్యాంప్‌గ్రౌండ్‌లో వెనక్కి తిప్పుతూ అద్దం పగలగొట్టుకున్న కథలన్నీ ఇక్కడివే. ఈమధ్య ట్రైలర్ల ముందు మూలలు లోపలికి చెక్కినట్టు వస్తున్నాయి, వెనక్కి జరిగే స్లైడర్ హిచ్‌లు కూడా ఉన్నాయి. వాటితో నడుస్తుంది. కానీ స్లైడర్ బరువు, దాని ఖరీదు, తిరిగే ముందు దాన్ని జరపాలని గుర్తుపెట్టుకోవడం, ఇవన్నీ 8 అడుగుల బెడ్ ఉంటే అవసరం లేని పనులు.

ఎయిర్‌బ్యాగులు వేయిస్తే సరిపోతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. నేను చెప్పేది సస్పెన్షన్‌కు వేసే గాలి తిత్తుల గురించి. వెనక భాగం కుంగకుండా నిలబెడతాయి, అంతవరకే. టైర్లు, చక్రాలు, బ్రేకులు, ఇరుసు అవే. తలుపు మీద అంకె ఒక్క పౌండు కూడా పెరగదు. కుంగుబాటు కనిపించకుండా పోతుంది కాబట్టి ఎక్కువ బరువు వేశామన్న సూచన కూడా పోతుంది, నాకు భయం వేసేది అక్కడే. డీజిల్ ఎమిషన్ పరికరాలు తీయించేసి డిలీట్ చేయించుకోమని చెప్పేవాళ్లనైతే దగ్గరికి రానీయకండి. అది ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్‌కు విరుద్ధం.

టెస్ట్ డ్రైవ్‌లో ఎక్కుడు గురించి కాదు, దిగుడు గురించి ఆలోచించండి. ఇప్పటి డీజిల్ ట్రక్కులకు బలం కొదవ లేదు. రామ్ 2019లో కమిన్స్ ఇంజన్‌కు 1,000 పౌండ్-ఫీట్ టార్క్ తెచ్చింది, ఫోర్డ్ హై అవుట్‌పుట్ పవర్ స్ట్రోక్ 1,200 దగ్గరుంది. కొలరాడోలో ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగులకు పైన ఉంటుంది. ఎత్తుకు ప్రతి వెయ్యి అడుగులకు టర్బో లేని పెట్రోలు ఇంజన్ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది, అంటే అక్కడికి చేరేసరికి మూడో వంతు పోయినట్టే. ఎక్కేటప్పుడు అది ఆలస్యమే తప్ప ప్రమాదం కాదు, కుడి లేన్‌లో లారీల వెనక నిదానంగా పోవచ్చు. టన్నెల్ దాటాక సిల్వర్‌థార్న్ వైపు 7 శాతం వాలు మైళ్ల తరబడి దిగుతుంది. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి ఇసుక, కంకర పోసిన ర్యాంపులు ఆ దారి పక్కన ఉన్నాయి. డీజిల్ కొనడానికి నా దృష్టిలో అసలు కారణం ఆ దిగుడే. ఎగ్జాస్ట్ బ్రేక్ మీట నొక్కితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, కాలు బ్రేక్ మీద పెట్టే పని చాలా తగ్గుతుంది. డ్రమ్ముల వాసన లేకుండా కిందికి చేరతారు. ట్రైలర్‌కు దాని సొంత బ్రేకులున్నాయి, వీలైతే ఎలక్ట్రిక్ డ్రమ్ములకు బదులు హైడ్రాలిక్ డిస్కులున్న ట్రైలర్ ఎంచుకోండి.

ఇంత చదివాక ట్రక్కు కొనకపోవడమే మేలనిపిస్తే అదీ మంచి ఆలోచనే. ఏడాదికి రెండుసార్లు ట్రైలర్‌ను ఎండాకాలం ఒక సరస్సు పక్కకు, చలికాలం దక్షిణానికి మార్చడమే మీ పని అయితే, ఆ పని డబ్బుకు చేసిపెట్టే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఉన్నారు. సీజన్ మొత్తానికి స్థలం అద్దెకిచ్చే ఆర్వీ పార్కులూ ఉన్నాయి. 80 వేల డాలర్ల డ్యూయలీ ఇంటిముందు ఎండకు ఎండుతూ ఉండటం కంటే అది చవక.

కొనేవాళ్లు సంతకం పెట్టకముందే లైసెన్సు సంగతి కనుక్కోండి. ఇది ఎవరూ చెప్పరు. 14,000 పౌండ్ల డ్యూయలీ, 16,000 పౌండ్ల ట్రైలర్ కలిపితే 30,000. టెక్సస్‌లో రెండింటి రేటింగ్ కలిపి 26,001 లేదా అంతకు మించి ఉండి, ట్రైలర్ రేటింగ్ 10,000 పైన ఉంటే, సొంత ఆర్వీకి వాణిజ్య లైసెన్సు అక్కర్లేదు గానీ మామూలు క్లాస్ సి చాలదు, నాన్-కమర్షియల్ క్లాస్ ఎ కావాలి. కాలిఫోర్నియాలో ఫిఫ్త్ వీల్ 15,000 దాటితే నాన్-కమర్షియల్ క్లాస్ ఎ, 10,000కూ 15,000కూ మధ్యైతే క్లాస్ సి మీద ప్రత్యేక ఎండార్స్‌మెంట్. క్లాస్ ఎ అయితే పరీక్ష రాయాలి, ట్రైలర్‌తో నడిపి చూపించాలి. ఆ పరీక్షకు చదివితే ట్రైలర్ తగిలించే వరస చేతికి అలవాటవుతుంది, అందుకైనా ఇష్టంగా రాయండి.

ట్రైలర్ తెచ్చుకుని, ప్రయాణానికి సర్దినట్టే సర్ది, అందరూ ఎక్కాక క్యాట్ స్కేల్ అనే లారీ కాటాకు తీసుకెళ్లండి. హైవే పక్కన పెద్ద ట్రక్ స్టాపుల్లో ఉంటుంది, లారీల వెనక వరసలో నిలబడాలి. మూడు పలకలుంటాయి. ముందు చక్రాలు మొదటి దాని మీద, ట్రక్కు వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద. ట్రక్కు కింద ఉన్న గీతను చూసి నిదానంగా ఆపండి. బటన్ నొక్కి బరువు అడగాలి, లేదా ఫోన్‌లో వాళ్ల యాప్‌తో తూచుకోవచ్చు. చీటీలో ఇలా వచ్చిందనుకోండి: ముందు 4,900, వెనక 8,000, ట్రైలర్ 12,400. తర్వాత పక్కన ట్రైలర్ విప్పేసి ట్రక్కును ఒక్కదాన్నే మళ్లీ తూచండి. 9,400 వచ్చిందనుకోండి. తగిలించినప్పుడు ట్రక్కు 12,900, కాబట్టి పిన్ను మీద 3,500. ట్రైలర్ మొత్తం 15,900, అందులో 22 శాతం. ట్రక్కు జీవీడబ్ల్యూఆర్ 14,000 కాబట్టి ఇంకా 1,100 మిగిలింది. ఇప్పుడు వెనక ఇరుసు రేటింగ్ తలుపు మీద చూసి 8,000తో పోల్చండి. టైర్ల పక్కన అచ్చు వేసిన లోడ్ రేటింగ్ కూడా చూడండి.

రెండు మూడు వందల పౌండ్లు ఎక్కువ వస్తే ముందు అర ఖాళీ చేసి, నీళ్లు తగ్గించి మళ్లీ తూచుకోవచ్చు. వెయ్యి ఎక్కువ వస్తే సర్దుబాటుతో తీరేది కాదు. ట్రక్కు కొత్తగా ఉన్నప్పుడే, ధర పలికేటప్పుడే మార్చేయండి.